ఎడమ అంచున వెలుగు

"మీ మిషన్ అబద్ధాలు చెబుతందండీ." భార్గవి నాతో అన్న మొదటి మాట ఇదే.

నరసరావుపేటలోని ఒక స్కాన్ సెంటర్‌లో ఆమె టెక్నీషియన్. నేను గుంటూరు నుంచి వెళ్ళే సర్వీస్ ఇంజినీరును. రోగికి ఎక్కించిన మందు నుంచి వచ్చే కిరణాలను పట్టుకుని ఎముకల బొమ్మ తీసే గామా కెమెరాను నడిపేది ఆమే. రోగి లేకుండా తీసే టెస్ట్ బొమ్మ అంతటా ఒకే రంగులో రావాలి. ఎడమ అంచు మాత్రం వెలుగుతోంది. అది వెలిగినంతసేపూ ఏ రోగికీ స్కాన్ మొదలుపెట్టనని ఆమె మొండికేసింది.

కేబుళ్ళు మార్చాను. డిటెక్టర్‌ను మళ్ళీ సెట్ చేశాను. పొద్దున నేను చూస్తే బాగుండేది, మధ్యాహ్నం ఆమె చూస్తే మళ్ళీ వెలిగేది. మిషన్‌కు నేనంటే భయమని ఆటపట్టించేది. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది. రిపేరు మిగిలితే ఆమెను మళ్ళీ చూడొచ్చు కదా.

నాలుగోసారి వెళ్ళిన రోజు సన్నగా జల్లు పడుతోంది. ఆమె ముంగురులు తెర మీదికి వాలుతున్నాయి. నేను తెరనే చూస్తున్నానో, ఆమెనే చూస్తున్నానో నాకే తెలియలేదు. ఇంతలో అంచు వెలిగింది.

బయట మాటలు వినబడి కెమెరాకు ఎడమ పక్కనున్న తలుపు తీశాను. తలుపు పక్కనే కూర్చుని ఆ రోజు స్కాన్‌కు వచ్చిన యశోదమ్మ, చుట్టూ ఏడుగురు చుట్టాలు. మందు ఎక్కించాక మూడు గంటలు ఆమె విడి గదిలో ఉండాలి.

"ఒంటి మనిషిని గదిలో ఎట్టా వదులుతాం బాబూ?" అంది ఆమె చెల్లెలు.

అదీ సంగతి. రోజూ ఎవరో ఒక రోగి ఇలాగే తమవాళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంటున్నారు. వాళ్ళ ఒంట్లోని కిరణాలే తలుపు దాటి డిటెక్టర్‌కు తగులుతున్నాయి.

భార్గవి తెర ముందే ఉంది, ఇదేమీ చూడలేదు. నోరు మూసుకుంటే ఇంకో నెల రావచ్చు. అవతల యశోదమ్మ ఎముకల బొమ్మ తేటగా రావాలి. అంత పాపం నావల్ల కాలేదు, చెప్పేశాను. యశోదమ్మను బతిమాలి గదికి పంపాక బొమ్మ మీగడలా సమంగా వచ్చింది.

రిపోర్టు మీద సంతకం పెడుతూ భార్గవి నవ్వు ఆపేసింది.

"అయితే ఇంక రారా?"

"మిషన్‌కు నాతో పనిలేదు. నాకే... మీరంటే నాకు చానా ఇష్టమండీ."

ఆమె పెన్నుకు మూత పెట్టింది. మళ్ళీ తీసింది.

"పోయిన వారమే మీ గురించి మా నాయనకు చెప్పా. మీరే ఇంత ఆలస్యం చేస్తారనుకోలా. ఆదివారం మీ అమ్మను తోడుకొని ఇంటికి రండి."

ఆ జల్లులోనే తడుస్తూ బస్టాండు దాకా నడిచాను. టూల్ బ్యాగ్ అక్కడే వదిలేశానని బస్సు సగం దారి దాటాక గాని గుర్తురాలేదు.