వెనక నుంచి తట్టేదాకా

పద్మనగర్ సైకిల్ మండలి అంటే ఏదో పెద్ద సంఘమనుకునేరు. మొత్తం పది మంది. అందులో ఏడుగురు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లే. చలికాలం వచ్చిందంటే ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి వజ్రేశ్వరి వేడినీళ్ల గుండాల దాకా తొక్కుతారు. గుండంలో కాళ్లు పెట్టుకుని కాసేపు ఊళ్లో వాళ్ల సంగతులు చెప్పుకుని, తిరిగొచ్చి ఎవరి కార్ఖానాకు వాళ్లు పోతారు. ఇదంతా నడిపేది భూషణ్. శనివారం సాయంత్రం గ్రూపులో ఎవరెవరు వస్తున్నారో అడగడం, ఎర్ర లైట్లు పంచడం, పంక్చర్ సామాను సర్దుకోవడం, బద్ధకస్తుల తలుపులు బాదడం, అన్నీ అతని నెత్తినే.

వీళ్లకొక పద్ధతి ఉంది. వేరే ఊరి సైకిళ్ల వాళ్లు వింటే నవ్వుతారు. కార్ఖానాలో సాంచాల మోతకు పక్కవాడు అరిచినా వినపడదు కదా, అందుకని పాళి, అదే షిఫ్టు, మారేటప్పుడు వచ్చినవాడు వెనక నుంచి భుజం తడతాడు. ఆ తట్టు పడేదాకా ముందున్నవాడు సాంచ వదిలి కదలడు. భూషణ్ దాన్నే రోడ్డు మీదికి తెచ్చాడు. దారిలో ఆగిన ప్రతిచోటా అందరూ వరసగా నిలబడతారు. ఆఖరున వచ్చినవాడు తన ముందువాడి భుజం తడతాడు, వాడు తన ముందువాణ్ని. ఆ తట్టు అలా అలా ముందున్న పంకజ్ దాకా చేరితే అందరూ వచ్చినట్టే. పంకజ్ పెడల్ తొక్కుతాడు. ఎవరూ లెక్కపెట్టరు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. సగం చెవులు పోయిన నేతగాళ్లకు ఇంతకంటే తేలికైన పద్ధతి ఏముంటుంది చెప్పండి.

పోయిన చలికాలం ఆఖరున ఉండేది గాలయ్య. భూషణ్‌కు వరసకు కాక, అంటే చిన్నాన్న, అవుతాడు. అరవై దాటినా మనిషి గట్టి. ఆ ఆదివారం పొగమంచు మరీ దట్టంగా ఉండి, గోదాముల గోడ దగ్గరి మలుపులో ఆగినప్పుడు ముందు చక్రం కూడా సరిగ్గా కనిపించలేదు. గాలయ్యకు ముందు భూషణ్ నిలబడ్డాడు. చలికి పళ్లు టకటకమంటున్నాయి. వెనక నుంచి తట్టు రాలేదు. ఒక నిమిషం చూశాడు, ఇంకో నిమిషం చూశాడు. కాక ఎక్కడికి పోతాడు, వెనకే వస్తుంటాడులే అనుకుని, తన ముందువాడి భుజం తట్టేశాడు.

గాలయ్య సైకిల్ చైన్ ఊడి అర కిలోమీటరు వెనక ఆగిపోయి ఉన్నాడు. పొగమంచులో ఏదో లారీ గుద్దేసి పోయింది. మలుపు దాటాక గుండం దాకా ఎక్కడా ఆగలేదు, అక్కడ లేడని తెలిసి వెతుక్కుంటూ వెనక్కి వచ్చేసరికి తొమ్మిదైంది. గంట ముందు తెచ్చినా బతికేవాడని డాక్టరు అన్నాడు.

తట్టు రాకుండానే తట్టానని భూషణ్ ఎవరికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది, సిగ్గు లేకపోయింది అన్నా అనండి. కాక నా భుజం తట్టిండు, ఆ తర్వాతే ఎందుకో ఎనక్కి మళ్లి ఉంటడు, అన్నాడు. అందరూ నమ్మారు. అందరికంటే ఎక్కువ నమ్మింది గాలయ్య భార్య కనకవ్వ. పక్కనున్న టెంఘర్ నుంచి ప్రతి అమావాస్యకూ భూషణ్ ఇంటికి వస్తుంది. ఏమీ అడగదు. మంచినీళ్లు కూడా తాగదు. అతని ఎడమ భుజం మీద చెయ్యి పెట్టి నిమురుతుంది.

"మా ఆయన చెయ్యి ఆఖరుకు ఈడనే పడ్డది బిడ్డా," అంటుంది.

పాపం, ఆమెకు మిగిలింది ఆ భుజం ఒక్కటే. ఏడాది గడిచేసరికి భూషణ్‌కు ఆ చెయ్యి పడినా ఏమీ తెలియకుండా పోయింది. ఆ మాటకొస్తే ఏదీ తెలియడం లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఏడుపు రాదు. నిద్ర మాత్రం బాగానే పడుతుంది, అదే వింత.

ఈసారి మండలి మూతపడిందనే అనుకున్నారు. గాలయ్య కూతురు జమునే వచ్చి, చలికాలం మొదలైంది కదా, మళ్లీ పోదామన్నది. బాపు సైకిల్ మీద తనే వస్తానన్నది. అమ్మ కూడా పొమ్మన్నదట. భూషణ్ వద్దనలేదు, సరే అని కూడా గట్టిగా అనలేదు. గ్రూపులో రాశాడు, లైట్లు పంచాడు. జమున ఆఖరున ఉంటానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆమెను తన ముందు పెట్టి, తను ఆఖరున నిలబడ్డాడు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. చీకట్లో సాంచాల మోత వెనకబడింది. తర్వాత చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మురికికాలవ వాసన పోయి తడిసిన గడ్డి వాసన వచ్చింది. పొగమంచు మొదట మోకాళ్ల దాకా పాకింది, తర్వాత మొహాలకు తగిలింది. గోదాముల గోడ దగ్గరి మలుపులో పంకజ్ ఆగాడు. వరసగా అందరూ ఆగారు.

ఇప్పుడు భూషణ్ తట్టాలి. ఆఖరువాడు అతనే కదా, ఎవరి కోసమూ చూడాల్సిన పని లేదు. చెయ్యి ఎత్తబోయాడు.

జమున వెనక్కి తిరగలేదు. మెల్లగా అడిగింది.

"అన్నా, ఈడనేనా?"

"ఆ."

"బాపు నిజంగ తట్టిండా?"

అప్పుడు వినపడింది అతనికి. వెనక... దూరంగా... టిక్ టిక్ టిక్. తొక్కకుండా వదిలేస్తే సైకిల్ చక్రం చేసే చప్పుడు. దగ్గరికి వస్తోంది. తొందరేమీ లేదు. దానితో పాటే గంజి వాసన, సాంచ నూనె వాసన... రాత్రి పాళి దిగి వచ్చిన మనిషి వాసన.

చప్పుడు సరిగ్గా అతని వెనక ఆగింది.

భూషణ్ ఎత్తిన చెయ్యి అలాగే ఉంచాడు. భుజం మీద తట్టు పడుతుందని చూశాడు. పడలేదు. వెనక ఎవరో నిలబడి ఉన్నారు. అతను చెప్పబోయే మాట కోసమే నిలబడ్డారు. నిజం చెప్పేస్తే అయిపోయేది. ఒక్క మాట. నోరు తెరిచాడు కూడా.

"తట్టిండు," అన్నాడు.

టిక్ టిక్ టిక్... చప్పుడు అతని పక్క నుంచి కదిలింది. చెవి పక్కన చల్లగాలి తగిలింది. కళ్ల ముందు మంచు తప్ప ఏమీ లేదు. ఎవరో తట్టినట్టు జమున భుజం ఒక్కసారి అదిరింది. ఆమె చెయ్యి ముందుకు చాపి తన ముందువాణ్ని తట్టింది. ఆ తట్టు ముందుకు పోయింది. పంకజ్ కదిలాడు.

భూషణ్ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. అతను ఎవరినీ తట్టలేదు.

పెడల్ మీద కాలు పెట్టాడు. కాలు మాట వినలేదు. పిలుద్దామంటే గొంతు రాలేదు. ఎర్ర లైట్లు ఒక్కొక్కటే మంచులోకి పోతున్నాయి. తన ముందు తొమ్మిది ఉండాలి. ఏడు... ఎనిమిది... తొమ్మిది...

పది.

ఎంతసేపు అలా నిలబడ్డాడో తెలియదు. పంకజ్‌కు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. జమున ఫోన్ ఎంగేజ్ వచ్చింది. తూర్పు తెల్లబడుతుంటే గ్రూపులో ఫోటో పడింది. గుండం గట్టు మీద అందరూ వరసగా కూర్చున్నారు. నవ్వుతున్నారు. ఆఖరున, అతని నల్ల స్వెటర్ వేసుకుని, అతని మొహంతో ఒకడు కూర్చుని ఉన్నాడు. జమున దగ్గరి ఫోన్ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బుగ్గలు తడిగా ఉన్నాయి.

ఫోన్ మోగింది. కనకవ్వ.

"యాడున్నవ్ బిడ్డా?"

"మలుపు కాడ ఉన్న చిన్నమ్మా... ఈడనే ఉండిపోయిన."

"అంతా చెప్పిండు. నీ భుజం మీద చెయ్యి పడనే లేదంట గద."

"ఎవరు చెప్పిండ్రు? నేను గాదు చిన్నమ్మా. నేను ఈడనే..."

"నువ్వు గాదని ఎరుకే," అన్నది కనకవ్వ. "నలభై ఏండ్లు ఇన్న గొంతు, నాకు ఎరుక గాదా?"

ఆమె గొంతులో కోపం లేదు. సంబరమే ఉంది. ఆయన పదింటికల్లా ఇంటికి వస్తానన్నాడట, రొట్టెలు చెయ్యమన్నాడట. పిండి కలుపుతూ మాట్లాడుతున్నట్టుంది, గాజుల చప్పుడు వినపడుతోంది. తప్పైంది చిన్నమ్మా అని భూషణ్ అన్నాడు. ఏడాది నుంచి అనాల్సిన మాట అది. ఆమె విన్నదో లేదో.

"నువ్వు ఆడనే ఉండు బిడ్డా," అన్నది. "నీ ఇంట్ల నేను చెప్తా తియ్యి."

ఫోన్ పెట్టేసింది.

మంచు విడిపోయింది. పాల క్యాన్లు కట్టుకున్న మోటార్ సైకిల్ ఒకటి మలుపు తిరిగి నేరుగా భూషణ్ మీదికి వచ్చింది. హారన్ కొట్టలేదు. పక్కకు తిప్పలేదు. బండి మీద కూర్చున్న మనిషి ఏదో కూనిరాగం తీస్తూ, భూషణ్ నిలబడ్డ చోటు మీదుగానే దాటి వెళ్లిపోయాడు.