డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి

"నాలుగింటికి డ్యామ్ గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లోకి వైరస్ దింపింది. దాన్ని బాగుచేసే మన రికవరీ డిస్కులన్నీ పాడుచేసింది. అదే రకం కంప్యూటర్ నుంచి ఇంకో డిస్క్ తీయాలి. అలాంటిది ఒక్కటే మిగిలింది."

"ఎక్కడ సార్?"

"పోయిన నీ పార్ట్‌నర్ ఇంట్లో."

ఏజెంట్ గద్ద జేబులోని పెన్నును తడిమాడు. ఏడాదిగా అతను ఆ వీధి ఛాయలకే వెళ్లలేదు.

దారిలో ముఠా మోటార్ సైకిల్ ఒకటి గుద్దేసి పోయింది. అతను బతికాడు కానీ డిస్క్ తీయడానికి ఆఫీసు ఇచ్చిన డ్రైవ్ నుజ్జయింది. ఇక మిగిలింది జేబులోని పెన్ను. దాని క్యాప్ లాగితే లోపల పెన్ డ్రైవ్.

తలుపు తీసిన పార్ట్‌నర్ భార్య, గద్ద వదినా అని పిలిచే మనిషి, అతని అతికించిన మీసాన్నీ, మెకానిక్ సంచీనీ చూసింది.

"కంప్యూటర్ సర్వీసింగ్ అండి."

"రండి."

కంప్యూటర్ మీద ఆవిడ కుట్టిన గుడ్డ ఉంది. కింద దుమ్ము లేదు. గద్ద పెన్ను గుచ్చి రికవరీ ప్రోగ్రామ్ తెరిచాడు. తెర మీద హెచ్చరిక వచ్చింది: 'ఈ డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కొనసాగించాలా?'

ఆ పెన్నులో ఉన్నది ఒక గొంతు. ఏడాది కిందట ఒక ఆపరేషన్‌లో ఇనుప తలుపు మూసి గద్ద బయటపడ్డాక, లోపల చిక్కుకున్న పార్ట్‌నర్ వైర్‌లెస్‌లో చెప్పిన ఆఖరి మాటలు. మీ వదినకి వినిపించమన్నాడు. గద్ద వినిపించలేదు.

'అవును' నొక్కితే చాలు. దేశం కోసమే పోయిందనుకోవచ్చు. అడిగేవాళ్లు ఉండరు.

చెవిలోని వైర్‌లెస్‌లో నెమలి గొంతు పలికింది. ముఠాలో సెంటు పూసుకు తిరుగుతూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. "గేట్ల టైము మూడున్నరకి జరిపారు గద్దా. ఏం చేస్తున్నావక్కడ, గుడ్లు పొదుగుతున్నావా?"

వదిన మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. అతని వేలు 'వద్దు' మీదికి జరిగింది. ముందు ఆ గొంతును ఆవిడ కంప్యూటర్‌లోకి కాపీ చేశాడు. తర్వాతే 'అవును' నొక్కాడు.

"వదినా, ఒకటి వినాలి." పార్ట్‌నర్ గొంతును ప్లే చేశాడు.

"...వాడు తలుపు మూసేశాడు. నేనింకా లోపలే ఉన్నాను. భయపడ్డాడులే. వాడొస్తే ముందు బాగా తిట్టు. తిట్టడం అయ్యాక భోజనం పెట్టు, ఆకలికి ఆగలేడు..."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. తెర మీద పని ఎంతయిందో చూపే పచ్చగీత నత్తలా పాకుతోంది.

"ఏడాది దాచావు."

"అవును వదినా."

"ఆ మీసం తీసెయ్, ఊడిపోతోంది. గుమ్మంలోనే గుర్తుపట్టాను. నీ అంతట నువ్వు చెబుతావేమోనని చూశాను."

'పూర్తయింది' అంది కంప్యూటర్.

"వెళ్లు," అంది వదిన. "పని చూసుకుని రా."

కంట్రోల్ రూమ్‌ కంప్యూటర్‌కి పెన్ను గుచ్చేసరికి గేట్లు కదలడం మొదలైంది. తెర ఆరింది, వెలిగింది. వేలెడు తెరుచుకున్న గేటు మూలుగుతూ మళ్లీ మూసుకుంది.

చీఫ్ భుజం తట్టాడు. "సాయంత్రం మంత్రిగారు స్వయంగా నిన్ను పొగుడుతారు. ఉండు."

"కుదరదు సార్," అన్నాడు గద్ద మీసం జేబులో పెట్టుకుంటూ. "తిట్లు తినడానికి వెళ్లాలి. ఇప్పటికే ఏడాది ఆలస్యమైంది."