ఎరుక కప్పు నేర్చుకున్న మౌనం

శశిపురంలో తెల్లవారిందని చెప్పేది కాఫీ వాసనే. చంద్రుడి మీద గాజు గుమ్మటం కింద వెలిసిన ఆ ఊళ్లో సూర్యుడు ఒకసారి వస్తే రెండు వారాల దాకా అస్తమించడు. అందుకే అరకు విత్తనాలతో పెంచిన తోటలోంచి కాఫీ ఘుమఘుమలు వస్తేనే జనం మంచాలు దిగేవారు.

ఆ కాఫీయే పోయినేడాది యంత్రశాల బెహరా ప్రాణాల మీదికి తెచ్చింది. అతను వేసుకున్న యాంటీబయాటిక్, కెఫీన్‌ను విరిచే కాలేయపు ఎంజైమ్‌ను అణిచేసింది. అలవాటుగా కప్పు మీద కప్పు తాగినవాడు గుండెదడతో కుప్పకూలాడు. అతన్ని బతికించిన డాక్టర్ కిల్లో సుమిత్ర ఊరుకోలేదు. పట్టుబట్టి ఎరుక కప్పును తయారుచేసింది. అంచుకు పెదవి తగిలితే చాలు, లాలాజలంలోని మందు జాడను అందులోని రసగ్రాహకాలు, అంటే కెమికల్ సెన్సర్లు, పసిగడతాయి. ఆ మందుకు కాఫీ పడకపోతే మూత బిగుసుకుంటుంది. ఎందుకు బిగిసిందో కప్పే పైకి చెబుతుంది.

అందరూ మెచ్చుకున్నారు. ఒక్కరూ వాడలేదు. దాన్ని మూలన పడేద్దామా అని తేల్చడానికి నగరసభ కూర్చుంది. అందరి ముందూ ఎరుక కప్పుల్లో కాఫీ పెట్టారు.

"ఎవరికీ అక్కర్లేని వస్తువెందుకమ్మా?" అన్నాడు అధ్యక్షుడు వర్ధనరావు, శాలువా దగ్గరికి లాక్కుంటూ. "నాకైతే మందూ లేదు, మాకూ లేదు. చూడు, ఎంత దర్జాగా తాగుతానో!"

పెదవి తగలగానే మూత టక్కున పడింది.

"ఇప్పుడే థైరాయిడ్ మాత్ర వేసుకున్నారు. కాఫీ తాగితే అది సరిగా ఒంటబట్టదు. గంట ఆగండి," అంది కప్పు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వాదనలో గెలిచినా సుమిత్రకు ఒక పెద్దమనిషిని నలుగురిలో దోషిలా నిలబెట్టినట్టనిపించి మనసు చివుక్కుమంది.

"జబ్బుందంటే కుర్చీ దిగమంటారని దాచాను," అన్నాడాయన చివరికి. "మోతాదు పెంచినా నీరసం పోవట్లేదు. కాఫీ వల్లేనంటావా అమ్మా?"

"కావచ్చు సార్. రక్తపరీక్ష చేసి చూద్దాం."

ఆమె చుట్టూ చూసింది. సభ్యులెవరూ కప్పు ముట్టుకోలేదు. ఒకరు గుమ్మటం వంక చూస్తున్నారు, ఇంకొకరు గోళ్లు చూసుకుంటున్నారు. అప్పుడు తట్టిందామెకు.

"ఎరుకా, ఇక ఏ కప్పులోనూ నోరెత్తకు. మూత కూడా బిగించకు. ఏదైనా ఉంటే పట్టుకున్న వేలికి చిన్న గిలిగింత పెట్టు, చాలు."

"అలాగైతే వాళ్లు పక్కవాళ్లతో అబద్ధమాడొచ్చు డాక్టర్," అంది కప్పు.

"ఆడనీ."

ఒక్కో కప్పూ పైకి లేచింది. కొందరు హాయిగా తాగారు. తోట చూసే మల్లీశ్వరి మాత్రం ఉలిక్కిపడి కప్పు దించేసింది. "అబ్బ, నాలుక కాలింది! కాసేపాగి తాగుతా." ఆ కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. "నాకు పంచదార ఎక్కువేశారు," అన్నాడు బెహరా, కప్పు పక్కకు జరుపుతూ. మరొకాయనకు ఉన్నట్టుండి కడుపు నిండిపోయింది.

వర్ధనరావు పగలబడి నవ్వుతూ, ఎరుక కప్పు ఉండాల్సిందేనని చెయ్యెత్తాడు. వెంటనే సభలో చేతులన్నీ లేచాయి.

ఇన్ని అబద్ధాలు ఒక్కసారిగా విని సుమిత్ర అంతగా పొంగిపోయిన రోజు మరొకటి లేదు.