కైసు కాళ్ళు, రైమా కట్టెలు

గురువారం పొద్దున్నే కైసు బూటు లేసుతో కుస్తీ మొదలుపెట్టింది. వేళ్ళకి స్పర్శ సరిగా తెలియదు, ముడి ఓ పట్టాన పడదు. చూసి చూసి ఆగలేక భర్త రైమా వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"చెయ్యి తియ్యి," అంది కైసు.

"నేను కడితే ఏమైంది?"

"బూటు నాది. నీ కాఫీ చల్లారుతోంది, పో."

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బని తేలిన కొత్తలో డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ మాట పట్టుకుని రైమా ఇన్నేళ్ళూ ఆమెని గిన్నె కూడా ఎత్తనివ్వలేదు. కాళ్ళు మాత్రం ఏటికేడు సన్నబడుతూ వచ్చాయి. కిందటి చలికాలంలో, పట్నంలో ఇలాంటి వాళ్ళ కోసమే వ్యాయామం నేర్పుతున్నారని తెలిసి కైసు తనంతట తానే వెళ్ళి చేరింది. సోమవారం, గురువారం బరువులెత్తుతుంది, సైకిలు తొక్కుతుంది. సరస్సు నుంచి ఆవిరిస్నానాల గది సౌనాకి ఒక్క బకెట్ నీళ్ళు తన చేత్తో మోసుకు రావాలన్నది ఆమె పంతం. పెళ్ళైన కొత్తలో ఆ పని ఆమెదే.

బూటు ముడి పడేసరికి ఫోను మోగింది. నేర్పే అమ్మాయి హెల్కా. కైసు స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"కైసు గారూ, మీరు మానేస్తున్నారట? నిన్న మీవారు ఫోన్ చేసి చెప్పారు."

కైసు తలెత్తి రైమాని చూసింది.

"నన్నడక్కుండా నా పేరు తీయించావా?"

"తీయించాను! మొన్న సోమవారం నువ్వెలా పడ్డావో చూసినవాణ్ణి నేను. బరువులెత్తి వచ్చిన రోజే కాళ్ళు చచ్చుబడుతున్నాయి. ఇక నా వల్ల కాదు."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో. ఇన్నేళ్ళూ అద్దాల బీరువాలో బొమ్మలా దాచుకున్నావు. ఏం మిగిలింది? ఆ బరువులెత్తాకే కుర్చీలోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తున్నాను. అది కూడా లాగేసుకుంటావా?"

రైమా మొహం తిప్పుకున్నాడు. బల్ల మీద ఫోను చిన్నగా దగ్గింది.

"రైమా గారూ, ఆవిడ ఎక్కడ పడ్డారు?"

"సౌనా గుమ్మంలో. అలసిపోయి వస్తుంది కదా అని వ్యాయామం రోజున మామూలు కంటే బాగా కాస్తాను. పొయ్యి మీది రాళ్ళు ఎర్రబడేదాకా కట్టెలు వేస్తాను. నా సౌనాలో అరగంట కూర్చుంటే చచ్చిన ప్రాణం లేచొస్తుంది."

హెల్కా వెంటనే అందుకుంది.

"ఈ జబ్బులో చాలామంది నరాలకి వేడి పడదండీ. కాళ్ళు కాసేపు మాట వినవు. చల్లబడితే మళ్ళీ తేరుకుంటాయి. తెల్లారేసరికి బాగుంటోందా?"

"బాగానే ఉంటోంది," అంది కైసు మెల్లగా.

"సౌనా సంగతి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"పళ్ళు తోముకున్నానని ఎవరైనా చెప్తారా?"

"నిజమే. నాకూ అడగాలని తోచలేదు. నేనూ ఫిన్లాండ్ పిల్లనే కదా, సౌనా అంటే నాకూ మామూలు స్నానమే!"

రైమా కుర్చీలో కూలబడ్డాడు. ఆమె కోసమని ఏరి ఏరి వేసిన బర్చ్ చెట్టు కట్టెలు ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి. ప్రేమతోనే ఆమెని పడేశాను అనుకున్నాడు. సిగ్గుపడుతూనే ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"హెల్కా, ఈవిడ ఈ రోజు వస్తుంది," అన్నాడు ఎలాగో.

ఆ సాయంత్రం పొయ్యిలో గుప్పెడు పుల్లలే వేశాడు. ఊళ్ళో ఎవరైనా చూస్తే పరువు పోయేంత చల్లటి సౌనా అది. తలుపు తీసేసరికి కైసు సరస్సు దగ్గర్నుంచి మెట్లెక్కి వస్తోంది. ఒక చెయ్యి కమ్మీ మీద, రెండో చేతిలో నీళ్ళ బకెట్. మెట్టు మెట్టుకీ ఆగుతోంది, మోకాలు వణుకుతోంది, బకెట్ మాత్రం దించడం లేదు. రైమా చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. వెనక్కి లాక్కుని నడుం వెనక గట్టిగా కట్టేసుకున్నాడు. ఇంత మొండి మనిషినా నేను బీరువాలో పెట్టింది అనుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

"అడ్డు లే, నీ మీద ఒలుకుతుంది," అంది కైసు, ఆఖరి మెట్టెక్కుతూ.

అతను పక్కకి జరిగాడు. ఆమె బకెట్ దించి, ఊపిరి తీసుకుని, అతని మొహంలోకి చూసింది.

"ఏడుస్తున్నావా?"

"పొగ."

"నాలుగు పుల్లలకి ఇంత పొగా?" అని నవ్వి, తడిచేత్తో అతని చెంప తుడిచింది.