నలభై లక్షల మాటల్లో లేని మాట

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ వెనక గుసగుసలు ఆపండి, ఫోన్లు జేబుల్లో పెట్టండి. నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉంటే నా నాలుకకి సూది గుచ్చండి. సూది అన్నానుగా, కథ కూడా ఒక దర్జీ ఇంట్లోదే.

ఒక తల్లి, ఇద్దరు కూతుళ్లు. తల్లి కత్తెర పట్టిందంటే గాలిక్కూడా చొక్కా కుట్టేస్తుంది. పెద్దకూతురు పొడుగని కొంగ, చిన్నది పొట్టని బుడ్డి అని ఆవిడే పేర్లు పెట్టింది. కొంగ తల్లి దగ్గరే ఉండి మిషను తొక్కుతుంది. బుడ్డి వేరే ఊళ్లో కంప్యూటర్ల పని చేస్తుంది. బుడ్డి వచ్చిందంటే తల్లి గొంతే మారిపోతుంది. ఆ మార్పు కొంగ చెవిలో గుండుసూదిలా దిగుతుంది.

బుడ్డి వచ్చి ఉన్న ఓ పొద్దున్న ముగ్గురూ టీలు తాగుతుంటే, బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు వచ్చి గుమ్మంలో స్టూలేసుక్కూర్చున్నాడు.

"అమ్మా, వారంలో ప్రోగ్రాం. మా నలభై ప్యాంట్లూ ఎంతదాకా వచ్చాయి?"

ఒక్కటీ కత్తిరించలేదు. కొలతలన్నీ కంప్యూటర్లో ఒక ఫైల్లో ఉన్నాయి, దానికి తల్లి పెట్టిన పాస్‌వర్డు ఉంది. మళ్లీ కొలుద్దామంటే బ్యాండు వాళ్లు తలో ఊళ్లో ఉన్నారు. తల్లేమో మొన్న జారిపడి కుడిచేతికి పిండికట్టు వేయించుకుంది.

"గుర్తు తెచ్చుకోమ్మా" అంది కొంగ.

"నాకెప్పుడు తెలుసే? ఆరేళ్లుగా వేళ్లే కొడుతున్నాయి. ఆ వేళ్లేమో ఇదిగో, కట్టులో నిద్రపోతున్నాయి."

బుడ్డి తన ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచింది.

"అక్కా, అమ్మ నోట్లో నానే మాటలన్నీ ఈ ఫైల్లో వరసగా కొట్టు. నేనొక్క లైను కమాండు ఇస్తాను. ఇది వాటిని అటూ ఇటూ కలిపి, చివర అంకెలు తగిలించి లక్షల పాస్‌వర్డులు తయారుచేస్తుంది. ఇంకో ప్రోగ్రాం వాటిని ఒక్కొక్కటే పెట్టి చూస్తుంది. అమ్మ మాటలు నీకు తెలిసినట్టు నాకు తెలీవు కదా."

కొంగ కొట్టింది. కత్తెర, బొత్తాం, మిషను కంపెనీ, పిల్లి పేరు, షాపు నంబరు. కొంగ అని నాలుగు రకాలుగా కొట్టింది. బుడ్డి అని కొట్టబోయింది, వేలు గాలిలోనే ఆగిపోయింది. పాస్‌వర్డు అదే అయితే? ఆ వేలిని అలాగే పక్కకి జరిపి, "అయిపోయింది" అంది కొంగ.

ఇక చూడండి! మాటలు పుట్టాయి, పుట్టాయి, నలభై లక్షలు పుట్టాయి. కాగితం మీద రాస్తే వీధంతా పరిచి, మిగిలింది దుప్పటిగా కప్పుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఎంత కాలిందంటే, తల్లి ఎడంచేత్తో దాని మీదే రెండు కాలర్లు ఇస్త్రీ చేసింది. మధ్యాహ్నానికి నలభై లక్షలూ అయిపోయాయి. ఒక్కటీ పడలేదు.

బుడ్డి, అక్క మాటలు కొట్టిన ఫైలు తెరిచి పైనుంచి కిందకి చూసింది. కిందనుంచి పైకీ చూసింది.

"అక్కా, పిల్లి ఉంది. నేను లేనేంటి?"

"మర్చిపోయా."

"పిల్లి గుర్తొచ్చింది, నేను రాలేదా?"

కొంగ విసురుగా లేచింది. "అవునే, కావాలనే కొట్టలేదు! ఆవిడకి జడ వేసేది నేను, మందులిచ్చేది నేను. నువ్వొక్క ఫోన్ చేస్తే చాలు, మొహం వెలిగిపోతుంది. ఆరేళ్లుగా నా ఎదురుగా కూర్చుని రోజూ నీ పేరే కొడుతోందని తెలిస్తే నేనేమైపోవాలి?"

బుడ్డి కళ్లు నిండాయి. "ఫోన్లో ఆవిడ చెప్పేదేంటో తెలుసా? అక్క ఇలా కుట్టింది, అక్క అలా నవ్వింది. పెట్టేశాక నేను పళ్లు నూరుకుంటా. నా సంగతి అడగడం ఎప్పుడూ చివర్లోనే."

కొంగ ముక్కు తుడుచుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తన చేత్తోనే బుడ్డి అని కొట్టింది. బుడ్డి మళ్లీ కమాండు ఇచ్చింది. టీ కాచేలోపు కొలతల ఫైలు తెరుచుకుంది. పాస్‌వర్డు ఇదీ: బుడ్డికొంగ, పక్కన షాపు నంబరు.

"చూశావామ్మా" అంది కొంగ. "దాని పేరే ముందు."

తల్లి ఎడంచేత్తో కొంగ గడ్డం పట్టుకుంది. "ఓసి పిచ్చి మొహమా! ఇప్పుడు గుర్తొచ్చింది. మీరు బడికెళ్తూ రోడ్డు దాటేటప్పుడు దాన్ని ముందు, నిన్ను వెనక నిలబెట్టేదాన్ని. దాన్ని చూస్తే గుండె దడదడలాడేది. వెనకున్న నిన్ను చూశాకే లోపలికెళ్లి మిషనెక్కేదాన్ని. నువ్వు వెనకుంటేనేగా నా గుండె కుదుటపడేది!"

కొంగ తల్లి ఒళ్లో తల పెట్టి బావురుమంది. బుడ్డి వచ్చి మిగతా సగం ఒళ్లో చోటు చేసుకుంది. ఈసారి కొంగే కాస్త జరిగింది.

గుమ్మంలో డ్రమ్ము వాయించేవాడు కూడా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నీకేమైందయ్యా?" అంది తల్లి.

"మూడుసార్లు కొలిచారు కదమ్మా నా నడుం! అన్ని లక్షల మాటల్లో నా పేరు ఒక్కచోటైనా వేయాలనిపించలేదా?"