గేటు పడింది

వర్షం!

వైపర్లలో ఒకటే తిరుగుతోంది. అదీ డ్రైవర్ వైపుది కాదు.

"ఇంకా స్పీడు, బాబాయ్!"

"ఘాటీ అమ్మా ఇది, ఘాటీ! పక్కనున్న లోయ కనబడతందా నీకు?" స్టీరింగ్ మీదకి వంగిపోయి అరుస్తాడు గురువులు.

శాలినికి లోయ కనబడటం లేదు. ఆమె చూడటమూ లేదు. ఆమె కళ్లు ముందున్న చీకట్లో రెండు ఎర్ర లైట్ల కోసం వెతుకుతున్నాయి.

పోలీసు బస్సు. కిటికీలకు ఇనప జాలీ.

అందులో మొయినా ఉంది.

మొయినా బిడ్డ మాత్రం ఇక్కడుంది... ఈ అంబులెన్సులో, శాలిని యూనిఫాం కోటు లోపల, ఆమె గుండెకు ఆనించి, మెత్తటి గుడ్డతో బిగించి కట్టి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల. ఒక్క అరచేతిలో పట్టేంత!

సాయంత్రం దాకా ఏడిచింది. ఇప్పుడు ఏడవటం మానేసింది.

అదే శాలినికి భయం. ఏడ్చే బిడ్డకు ఏ నర్సూ భయపడదు. పాలు లేకపోతే ఒంట్లో షుగర్ పడిపోతుంది. పడిపోతే మగత వస్తుంది. మగత తర్వాత ఏం వస్తుందో లక్ష్మీపూర్ ఆస్పత్రి వార్డులో శాలిని ఇదివరకే చూసింది. డబ్బా పాలు పట్టింది. కక్కేసింది. మళ్లీ పట్టింది. మళ్లీ కక్కేసింది.

తల్లిపాలే కావాలి.

ఆ తల్లిని ఆస్పత్రి గేటు ముందే ఎత్తుకుపోయారు!

బ్రెడ్డు కొనుక్కుందామని రోడ్డు దాటింది మొయినా. అంతే. స్పెషల్ స్క్వాడ్ బస్సు ఆగింది. పక్క దేశం నుంచి దొంగదారిన వచ్చినవాళ్లను ఏరి పంపించే డ్రైవ్ అది. పేరడిగారు. ఆమె బెంగాలీలో ఏడ్చింది. కార్డు అడిగారు. లేదంది. లోపల బిడ్డ ఉందని ఆమె మొత్తుకుంటూనే ఉందని టీ కొట్టువాడు చెప్పాడు. ఆ మాట ఎవడికి అర్థమైంది? ఎవడు విన్నాడు?

శాలిని పోలీసులకు ఫోన్ చేసింది. ఒకడు కొరాపుట్‌ని అడగమన్నాడు. కొరాపుట్ వాళ్లు రాయగడని అడగమన్నారు. రాయగడ వాళ్లు ఎత్తనే లేదు!

రాయగడలో రైలెక్కిస్తారు. రైలెక్కిందా... ఇక సరిహద్దు దాకా దించరు.

అందుకే ఈ పరుగు. డాక్టర్ సంతకం లేదు, ఎవరి పర్మిషనూ లేదు. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ మీంచి ఎత్తుకుంది. అంబులెన్సు ఎక్కింది. పోనిమ్మంది.

"బిడ్డను కళ్లారా చూస్తే వదిలేస్తారు బాబాయ్," అంటుంది. "పాలిచ్చే తల్లిని ఎవరైనా తీసుకెళ్తారా? ఎంత పోలీసులైనా మనుషులే కదా!"

గురువులు గేరు మారుస్తాడు. "ఒక మాట అంతాను. కోపం తెచ్చుకోకు."

"తెచ్చుకుంటాను. చెప్పు."

"విజయరత్నం మేస్టారి కూతురివి. కోపం నీకు ముక్కు మీదే ఉంటాది. అయినా అంతాను. ఆల్ని పంపీడం తప్పేటి కాదు."

"ఏటన్నావు?"

"సునాబెడలో మా తమ్ముడు తాపీపని సేసీవోడు. ఆ బయటోలు దిగేరు. సగం కూలికి ఒప్పీసుకున్నారు. మావోడు ఇంటికాడ కూకున్నాడు. మరి ఆడి కడుపు సంగతి ఎవుడు అడుగుతాడు?"

"సగం కూలికి పెట్టుకున్నవాడు ఎవడు? ఆ కాంట్రాక్టర్ని ఎక్కించారా బస్సు?"

గురువులు స్టీరింగ్ తిప్పుతాడు. మలుపు... హారన్... ఎదురుగా లారీ! హెడ్‌లైట్లు కళ్లలో గుచ్చుకుంటాయి. అంబులెన్సు ఎడమకు దూసుకుపోతుంది. చక్రం కింద కంకర జారుతుంది.

"ప్రభువా!" బిడ్డను రెండు చేతులా అదుముకుంటుంది శాలిని.

లారీ దాటిపోయింది!

గురువులు ఊపిరి వదులుతాడు. కానీ వాదన వదలడు. "ఆ పిల్ల దొంగదారినే వచ్చిందా, లేదా? అది సెప్పు."

"వచ్చింది! చిన్నప్పుడు, మేనత్త చెయ్యి పట్టుకుని, రాత్రిపూట ఏరు దాటి వచ్చింది. నాతోనే చెప్పింది. నేను కాదంటున్నానా? పంపాలంటే పంపండి! కోర్టులో నిలబెట్టండి, ఊరడగండి, వాళ్లవాళ్లను అడగండి, అప్పుడు పంపండి! రోడ్డు మీద మేకని ఎత్తుకుపోయినట్టు బాలింతను ఎత్తుకుపోతారా? ఇదేం గవర్నమెంటు బాబాయ్? సిగ్గుండక్కర్లేదా?"

"నామీద అరుస్తావేటి? నానేటి మినిస్టర్నా?"

"పక్కన నువ్వే ఉన్నావు మరి!"

గురువులు ఓరకంట ఆమె కోటు వైపు చూస్తాడు. గొంతు తగ్గిస్తాడు.

"మా కూతురు లచ్చిప్రియకీ కొడుకు పుట్టేడు గదా. రాయగడలో మా ఇంటికాడే ఉన్నాది. ఆడు ఏడిస్తే వీధి వీధంతా లేస్తాది. ఈ పసిగుంటేటి... ఉలకదు, పలకదు?"

శాలిని కోటులో చెయ్యి పెట్టి బిడ్డ అరికాలు గోటితో గీరుతుంది.

కాలు కదిలింది. కొంచెమే కదిలింది.

"తొక్కు బాబాయ్!"

ముందు లాంతర్లు. బారికేడ్! చెయ్యెత్తిన కానిస్టేబుల్!

"ఆపమంతన్నాడు..."

"ఆపితే పేరు రాస్తాడు, ఊరు రాస్తాడు. బస్సెళ్లిపోద్ది!"

"ఆపకపోతే నా ఉద్యోగం ఎల్లిపోద్ది!"

అంటూనే సైరన్ నొక్కుతాడు గురువులు. కాలు మాత్రం బ్రేకు మీదకి పోదు. బారికేడ్ పక్క సందులోంచి దూరిపోతుంది బండి. లాఠీ దెబ్బ... ఫటేల్! వెనక అద్దం పగిలింది.

"ఇంకేటుంది! మనమూ దొంగలమే అమ్మి ఇప్పుడు!"

ఘాటీ దిగారు. రోడ్డు తిన్నగా సాగింది. వర్షంలో దూరంగా రాయగడ దీపాలు.

వాటికి ముందు... రెండు ఎర్ర లైట్లు!

"అదే! అదే బస్సు!"

హారన్ కొడతాడు. బస్సు ఆగదు. సైరన్ వేస్తాడు. దారివ్వదు. పక్కనుంచి పోదామంటే ఎదురుగా ఆటోలు. టౌన్లోకి పోతే స్టేషన్ పక్కనే. ఇక దొరకదు!

అప్పుడు మోగింది గంట.

టంగ్... టంగ్... టంగ్...

రైలు గేటు పడింది!

బస్సు ఆగిపోయింది. అంబులెన్సు పూర్తిగా ఆగకముందే శాలిని దూకేసింది. బురద. పరుగు. వెనకే గొడుగు పట్టుకుని గురువులు.

బస్సు తలుపు మీద దబదబా బాదుతుంది.

"తియ్యండి! తలుపు తియ్యండి!"

తలుపు తెరుచుకుంది. రెయిన్‌కోటు వేసుకున్న లేడీ కానిస్టేబుల్. ఛాతీ మీద సుభశ్రీ అని పేరు. ఆమె వెనక మసక లైటు కింద కుక్కిన మనుషులు. తలుపు పక్క సీట్లోనే... మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని...

"మొయినా! నీ బిడ్డనే! తీసుకొచ్చాను!"

మొయినా తలెత్తింది. నోరు తెరిచింది.

శాలిని కట్టు విప్పి బిడ్డను గురువులు చేతుల్లో పెట్టింది. మెట్టెక్కి మొయినా చెయ్యి పట్టుకుంది. "రా, దిగు! ముందు పాలియ్యి!"

"ఆగండి మేడం."

ముందు సీట్లోంచి లేచాడు ఒక ఆఫీసర్. కుర్రవాడే. ఇన్‌స్పెక్టర్ బిశ్వజిత్. నీటుగా గెడ్డం గీసుకున్నాడు. గొంతు పెంచలేదు. హిందీలో, మర్యాదగానే అడిగాడు.

"ఎవరు మీరు?"

చెప్పింది. అంతా చెప్పింది. వార్మర్, పాలు, కక్కడం, మగత... అరుస్తూ చెప్పింది, తిడుతూ చెప్పింది. "మీ అమ్మ పాలు తాగి పెరిగినవాడివే కదా నువ్వూ!" అని కూడా అనేసింది.

బిశ్వజిత్‌కి కోపం రాలేదు.

"నేను దుర్మార్గుణ్ణి కాదు మేడం. దొంగ కార్డులు సంచులకొద్దీ పట్టుకున్నవాణ్ణి. కంచె దాటి వచ్చిన ప్రతి మనిషికీ ఒక కష్టం ఉంటుంది. కష్టమున్న అందరినీ వదిలేస్తే ఇక కంచె ఎందుకు? పోలీసులెందుకు?"

"బిడ్డ సంగతి చెప్పండి!"

"తల్లీబిడ్డల్ని విడదీయాలని నాకూ లేదు." వెనక్కి తిరిగాడు. "సుభశ్రీ, లెక్కలో ఇంకో తలకాయ కలుపు. బిడ్డను కూడా ఎక్కించు."

శాలినికి ఒక్కక్షణం అర్థం కాలేదు.

"ఎక్కించడమేమిటి? తల్లిని దించండి! బిడ్డ ఇక్కడే పుట్టింది! నా చేతుల్లో పుట్టింది! తండ్రి ఇక్కడివాడే, తాపీమేస్త్రి, కేరళలో పనిలో ఉన్నాడు!"

"తండ్రి ఎవరైనా కానివ్వండి. తల్లి దొంగదారిన వచ్చిందంటే, ఇక్కడ పుట్టినా బిడ్డ ఈ దేశపుది కాదు. ఆ చట్టం నేను రాయలేదు."

ఛెళ్లున కొట్టినట్టయింది శాలినికి.

రైలు. రాత్రీ పగలూ ప్రయాణం. ఆ తర్వాత ఇంకో బస్సు. ఆ తర్వాత చీకట్లో ఏ ఏటి ఒడ్డునో దింపి పొమ్మంటారు. ఈ వర్షంలో. అరచేయంత బిడ్డను!

వార్మర్ కింద వెచ్చగా ఉన్నదాన్ని తీసుకొచ్చి ఈ బస్సు గుమ్మంలో పెట్టింది ఎవరు?

తనే! తన చేతుల్తో!

"మోర్ నుహే."

అందరూ తిరిగి చూశారు.

మొయినా. వచ్చీరాని ఒడియాలో. ఈసారి గట్టిగా.

"మోర్ నుహే, సార్! ఆ బిడ్డ నాది కాదు!"

గేటు గంట మోగుతూనే ఉంది.

శాలిని చెయ్యి ఇంకా మొయినా చేతిలోనే ఉంది. మొయినా గోళ్లు అరచేతిలో దిగుతున్నాయి. కళ్లు మాత్రం శాలిని కళ్లని వదలటం లేదు. ఆ కళ్లు బతిమాలుతున్నాయి.

అర్థమైంది.

"ఏమిటి మేడం ఇది?" బిశ్వజిత్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఈమె తల్లి అన్నారు. ఈమె కాదంటోంది."

కోపం గొంతులోకి తన్నుకొచ్చింది. నోటిదాకా వచ్చింది. శాలిని దాన్ని మింగింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత చేదు ఆమె ఎప్పుడూ మింగలేదు.

"పొరపాటు పడ్డాను సార్."

"పొరపాటా?"

"ఈమె కాదు. చీకట్లో... పోల్చుకోలేకపోయాను. ఆ తల్లి వేరే. బిడ్డను వదిలేసి పోయింది."

"నర్సువి. తల్లిని పోల్చుకోలేవా?"

"లేను సార్. క్షమించండి."

బిశ్వజిత్ నవ్వాడు. వాడు వెర్రివాడు కాదు. "ఆస్పత్రిలో బిడ్డ కాలికి పేరు కడతారు. మా అక్క బిడ్డకీ కట్టారు. చూపించండి."

శాలిని గబుక్కున బిడ్డ వైపు తిరిగింది.

ప్లాస్టర్ ముక్క! దాని మీద నీలం పెన్నుతో 'మొయినా పాప' అని రాసింది తనే. కుడికాలికి చుట్టింది తనే!

"సూడండి సార్," అంటూ గురువులే ముందుకొచ్చాడు. గొడుగు పక్కన పడేసి, గుడ్డ తొలగించాడు.

టార్చి వెలిగింది.

బొటనవేలంత పాదం. దాని మీద ఎర్రటి గీత.

ప్లాస్టర్ లేదు!

"ఇంకో కాలు."

అక్కడా లేదు.

"పేరు కూడా రాయలేదా?"

"రాయలేదు సార్," శాలిని తల దించుకుంది. "అదీ నా పొరపాటే."

"ఏం నర్సువమ్మా నువ్వు!"

"చేతకాని నర్సుని సార్."

అప్పుడే... చలికో, తడికో, ఆ పాదం గిలగిల్లాడింది. బిడ్డ నోరు తెరిచింది.

ఏడ్చింది!

సన్నటి ఏడుపు. ఇంతసేపటికి మొదటి ఏడుపు. శాలినికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం పై ప్రాణాలు పైనే పోయాయి.

మొయినా జాకెట్!

లేత పసుపు జాకెట్. పొడిగా ఉన్న జాకెట్. ఎదురొమ్మున రెండు చోట్ల తడి... పెద్దదవుతోంది... కిందకి పాకుతోంది...

నోటితో కాదనేసింది మొయినా. ఒళ్లు వినలేదు. బిడ్డ ఏడుపు వినగానే పాలు వచ్చేశాయి!

శాలిని చూసింది.

సుభశ్రీ కూడా చూసింది.

బిశ్వజిత్ టార్చి బిడ్డ మీంచి లేచింది. మొయినా వైపు తిరుగుతోంది...

"ఏంటే, బొమ్మలా కూర్చున్నావు!" సుభశ్రీ కేక. ఒంటి మీది రెయిన్‌కోటు లాగి మొయినా మీదకి విసిరికొట్టింది. "కప్పుకుని లోపలికి నడువ్! నడువ్!" భుజం పట్టి వెనక సీట్లలోకి తోసేసింది. "సార్, గూడ్సు వెళ్లిపోయింది, గేటు లేస్తోంది! మన రైలు టైమైపోయింది!"

టార్చి వెలుగులో ఖాళీ సీటు.

బిశ్వజిత్ సుభశ్రీని చూశాడు. ఆమె ఎటో చూస్తోంది. టార్చి ఆపేశాడు.

"పోనీ."

శాలిని దిగింది. బస్సు కదిలింది. పట్టాలు దాటింది. వెనక జాలీలోంచి రెయిన్‌కోటు కప్పుకున్న ఒక తల కనబడుతోంది.

అది వెనక్కి తిరగలేదు. ఒక్కసారి కూడా తిరగలేదు.

తనది కాని బిడ్డ వైపు ఎవరు తిరిగి చూస్తారు?

"నేనే..." శాలిని అంబులెన్సు తలుపు మీద పిడికిలితో గుద్దింది. మళ్లీ గుద్దింది. "పాల కోసం వచ్చి... తల్లి నోటితోనే కాదనిపించాను బాబాయ్! నేనే అనిపించాను!"

గురువులు అరచెయ్యి చాపాడు.

అరచేతికి అంటుకుని ప్లాస్టర్ ముక్క. నీలం అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇంకో తలకాయ అన్నాడు సూడు... అప్పుడే పీకీసేను."

"పంపేయమన్నది నువ్వే కదా?"

"ఇప్పుడూ అదే అంతాను!" గురువులు విరుచుకుపడ్డాడు. కళ్లలో నీళ్లు, గొంతులో మంట. "పంపీమనే అంతాను! పెద్దోల్ని అడిగి, కనుక్కుని పంపమను! ఇంతేసి గుంటని ఏట్లో దింపుతారా, సచ్చినోలు! ఎక్కు అమ్మి, బేగి ఎక్కు! మా లచ్చిప్రియ కాడ పాలున్నాయి!"

శాలిని ఎక్కింది. ఏడుస్తున్న బిడ్డను మళ్లీ గుండెకు కట్టుకుంది.

"ఎవరి బిడ్డని అడుగుతారు బాబాయ్. రేపే వస్తారు."

గురువులు ప్లాస్టర్ ముక్కని జేబులో దోపుకుని సైరన్ నొక్కాడు.

"మా ఇంటి గుంటే అని సెప్తాను. రమ్మను... ఎవుడొస్తాడో సూస్తాను!"