దొబ్రేవాకు తొమ్మిదో పురస్కారం

విశ్వనాథంగారి మెడ మీద తీగ కోసిన గాటు ఒక చెవి నుంచి రెండో చెవి దాకా ఉంది. ఆయన తన ట్రోఫీల షాపులో, పేర్లు చెక్కే మెషీన్ మీదే బోర్లా పడి ఉన్నాడు. మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉంది. దాని సూది కింద ఉండవలసిన ఇత్తడి రేకు నేల మీద పడిపోయి, ఆయన చొక్కా చెయ్యి ఆ చోటికి వచ్చింది. సూది ఆ చేతి మీదే గీతలు గీస్తోంది.

కృష్ణవేణి ముందు మెషీన్ ఆపింది. తరువాత ఆయన తల పక్కకు తిప్పి కళ్ళు మూసింది. ఈ ఉద్యోగంలో ఆమె మూసిన కళ్ళలో ఇవి పదకొండో జత. ఈ లెక్క పెట్టుకోకూడదని ప్రతిసారీ అనుకుంటుంది. ప్రతిసారీ పెట్టుకుంటుంది.

అద్దం తలుపు బయట చాండ్లర్ ఊరి ఎండలో పార్కింగ్ లాట్ తెల్లగా మండిపోతోంది. మధ్యాహ్నం మూడు దాటింది. చెవి జూకాలో దామోదర్ గొంతు పలికింది. వయసులో ఆమెకన్నా ఇరవై ఏళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పెద్ద. వాషింగ్టన్‌లో కూర్చుని కౌంటర్ ఇంటెలిజెన్స్ యూనిట్ నడుపుతాడు.

"ఏం పోయింది, కృష్ణవేణిగారూ?"

"ఒక్కటే. సాయంత్రం రాలిత్సాకి ఇవ్వాల్సిన మెమెంటో."

రాలిత్సా దొబ్రేవా బల్గేరియా సినిమా నటి. యాభై దాటినా ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగిపోతాయి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది అవార్డులు అందుకుంది. ఆ ఎనిమిది దేశాల నుంచీ దొంగిలించిన చిప్ డిజైన్లు ఆ అవార్డు బొమ్మల అడుగున దాక్కుని సరిహద్దులు దాటాయి. చేతిలో అవార్డు పట్టుకున్న నటిని ఏ కస్టమ్స్ ఆఫీసరూ సోదా చేయడు, సెల్ఫీ అడుగుతాడు. దామోదర్ ఆఫీసు ఆ ముఠాకు 'రెడ్ కార్పెట్' అని పేరు పెట్టుకుంది. రెండు నెలల కిందట రాలిత్సా రహస్యంగా వీళ్ళ వైపు తిరిగింది. ముఠాలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ ఆమె తలలోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటి కూడా లేదు. ఈ సాయంత్రం చాండ్లర్ తెలుగువాళ్ళ సినిమా సంఘం, ఒక తెలుగు సినిమాలో నటించినందుకు, ఆమెకు సన్మానం చేస్తుంది. అది అవగానే కృష్ణవేణి ఆమెను తప్పించాలి.

ముఠాకి సంగతి తెలిసిపోయిందని దామోదర్ అన్నాడు. సన్మానం ఆపిద్దామా అని అడిగాడు. ఆపితే హోటల్ గదిలోనే చంపేస్తారని ఆమె చెప్పింది. మెమెంటోలో విషపు సూది పెట్టారో మరేం పెట్టారో తెలియదు, అది రాలిత్సా చేతికి అందకుండా చూడాలి. ఫీనిక్స్ నుంచి టీమ్ రావడానికి ఆరవుతుంది.

"జాగ్రత్త," అన్నాడు దామోదర్.

కృష్ణవేణి ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పదు. జూకా మీద వేలితో నొక్కి లైన్ కట్ చేసింది.

అయిదు గంటలకల్లా ఆమె పట్టుచీర కట్టుకుని, వాలంటీర్ బ్యాడ్జి పెట్టుకుని కమ్యూనిటీ హాల్లో శాలువాలు మడతపెడుతోంది. పట్టుచీరలో ఉన్న ఆంటీని ఎవరూ రెండోసారి చూడరు. ఆమెకు అంతకు మించిన మారువేషం అక్కర్లేదు. మెమెంటో ఎవరి దగ్గరుందని అడిగితే పూజిత దగ్గరని ఒకరన్నారు, పూజితేమో ఉష తీసుకుందంది, ఉష పార్కింగ్‌లో ఉందట. ట్రోఫీ షాపు మనిషి తెచ్చిచ్చాడని మాత్రం అందరూ నిశ్చింతగా చెప్పారు. కృష్ణవేణి బల్లల కింద, బుట్టల్లో, డిక్కీల్లో వెతికింది. ఎక్కడా లేదు.

గ్రీన్ రూమ్‌లో రాలిత్సా నల్లటి గౌనులో కూర్చుని ఉంది. ఆమె వెనక మేనేజర్ కామెన్, తోలు జాకెట్‌లో, కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ ఎడారిలో గులాబీలు పూస్తాయా?" అని ఇంగ్లీషులో అడిగింది రాలిత్సా.

"పూస్తాయి, వాసనే ఉండదు," అంది కృష్ణవేణి. కోడ్ సరిపోయింది. రాలిత్సా భుజాలు కొద్దిగా దిగాయి.

కామెన్ అచ్చువేసిన ప్రోగ్రామ్ చేతిలో పట్టుకుని గడియారం చూస్తున్నాడు. అందులో సన్మానం అయిదూ నలభైకి. అప్పటికి అయిదూ ముప్ఫై ఎనిమిది. స్టేజీ మీద స్పాన్సర్ ఉపన్యాసం ఇంకా సాగుతోంది, ఆ తరువాత పిల్లల డాన్స్ ఉంది. సంఘం సెక్రటరీ చంద్రిక తలుపులోంచి తొంగిచూస్తే కామెన్ ప్రోగ్రామ్ ఆమె ముఖం మీదికి చాచాడు.

"ఫైవ్ మినిట్స్ అండీ," అంది చంద్రిక, తెలుగులోనే. "అది ప్రింట్ కోసం వేసిన టైమ్. మనవాళ్ళకి తెలుసు."

ఆ అయిదు నిమిషాలకు అర్థం ఏమిటో కృష్ణవేణి అతనికి అనువదించింది. ముప్ఫై నుంచి నలభై వరకూ. కామెన్ ముఖంలో రంగు మారింది. ఫోన్ చేసుకోవాలని గొణిగి బయటికి నడిచాడు. అతని చేతిలో ఉన్నది ఫోన్ కాదు, కారు తాళాలు. పదిహేనేళ్ళలో ఏ సభలోనూ రాలిత్సాను పది అడుగుల దూరం వదలని మనిషని అతని ఫైల్లో రాసి ఉంది.

కృష్ణవేణి వంటగదిలో అతన్ని అందుకుంది. పవిట పిన్ను తీసి మెడలో పొడిచింది. అందులోని మత్తుమందు ఏనుగునైనా పడేస్తుందని ఆఫీసువాళ్ళు చెప్పారు. కామెన్ పడలేదు. వెనక్కి తిరిగి మోచేత్తో ఆమె ముఖం మీద కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. మరుక్షణం తీగ ఆమె గొంతు చుట్టూ బిగిసింది. చేతికి అందిన టీ డ్రమ్ముని ఆమె వెనక్కి గుంజింది. మరిగే టీ అతని తొడల మీద పడింది. అతను అరిచాడు కానీ తీగ వదల్లేదు. ఆమె కళ్ళకు గది నల్లబడింది.

అప్పుడు తీగ వదులైంది.

కామెన్ మోకాళ్ళ మీద కూలాడు. పుచ్చకాయలు కోసే కత్తి అతని పక్కటెముకల కింద పిడి దాకా దిగి ఉంది. వెనక రాలిత్సా నిలబడి ఉంది, మణికట్టు దాకా నెత్తురు.

"పదిహేనేళ్ళు నా సూట్‌కేసు మోశాడు," అంది. "నా పుట్టినరోజు ఒక్కసారీ మరచిపోలేదు."

కామెన్ గోడ గడియారం వైపు చూసి నవ్వబోయాడు. నోట్లోంచి నెత్తురు వచ్చింది. "అయిదూ యాభై," అన్నాడు. "ఆ టైముకి అది నీ చేతుల్లో ఉండాలి. అచ్చువేసింది నమ్మాను." ఆ మాటతో అతని తల వాలిపోయింది.

గడియారంలో అయిదూ నలభై ఏడు.

"బాంబు. ఎర్ర వెల్వెట్ పెట్టె ఎక్కడైనా చూశారా?" అంది కృష్ణవేణి.

"చూశాను. పిల్లలు తయారవుతున్న గదిలో."

సన్మానం వేళకు జరిగి ఉంటే ఆ పెట్టె స్టేజీ మీద ఉండేది. జరగలేదు కాబట్టి పద్దెనిమిది మంది పిల్లల మధ్య ఉంది. కృష్ణవేణి చెంగుతో ముక్కు నెత్తురు అదిమిపట్టి పరుగెత్తింది. ఒక పాప ఆ పెట్టె మీదే కూర్చుని గజ్జెలు కట్టించుకుంటోంది.

"కాస్త లే, బంగారం."

"ఆంటీ, నేను ఫస్ట్ కూర్చున్నా."

"అవును తల్లీ. ఇంకో కుర్చీ తెస్తాను."

పాప ముఖం ముడుచుకుని లేచింది. కృష్ణవేణి పెట్టె ఎత్తింది. గాజు బొమ్మ బరువు కాదది, రాతి బరువు. వెనక తలుపులోంచి బయటపడేసరికి ఊపిరి అందక తూలింది. రాలిత్సా పెట్టెను ఆమె చేతుల్లోంచి లాక్కుంది.

"ఇది నా పేరు మీద వచ్చింది," అని చెప్పులు విడిచి పరుగెత్తింది. హాలు వెనక వాన నీళ్ళు నిలవడానికి తవ్విన పెద్ద ఎండు గుంట ఉంది. గట్టు మీద నిలబడి ఒళ్ళంతా తిప్పి విసిరింది. పెట్టె గుంట అడుగుని తాకకముందే పేలింది. మట్టి, గాజు ముక్కలు గాలిలోకి లేచాయి. కృష్ణవేణి భుజంలో వేలెడు గాజు దిగింది. రాలిత్సా కుడి చెవి తమ్మె తెగి వేలాడింది.

లోపల జనం అది స్పాన్సర్‌గారి బాణసంచా అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆరున్నరకు వాళ్ళ కారు చిన్న విమానాశ్రయం వైపు వెళుతోంది. కట్లు కట్టిన డాక్టరు ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు. విమానం ఎక్కాక రాలిత్సా దొబ్రేవా అన్న మనిషి ఉండదు. పేరు, దేశం, సోఫియాలో అద్దాల బీరువాలో ఉన్న ఎనిమిది బొమ్మలు, అన్నీ ఇక్కడితో సరి.

"మీ ఫైల్లో అంతా ఉంటుంది కదా," అంది రాలిత్సా కిటికీలోంచి చూస్తూ. "ఆ ఎనిమిదింట్లో నాకు నిజంగా వచ్చినవి ఎన్ని?"

ఇలాంటి ఆఖరి అరగంటల్లో కృష్ణవేణి ఎందరికో తియ్యటి అబద్ధాలు చెప్పింది. ఆ తరువాత వాళ్ళలో ఎవరినీ చూడలేదు. ఆ అబద్ధాలు మాత్రం ఆమెతోనే ఉండిపోయాయి.

"ఒక్కటీ లేదు," అంది. "ఎనిమిది చోట్లా జ్యూరీలను ముఠా కొనేసింది."

రాలిత్సా గుడ్డలో చుట్టిన చెవిని మెల్లగా తడుముకుంది. "ఇవాళ్టిది?"

"దాన్ని కొనాలని వాళ్ళకి తోచనే లేదు. మీరు తెలుగులో చేసింది ఒక్కటే సినిమా, మూడు సీన్లు. కొడుకు కానివాడిని రైలెక్కించి, రైలు పోయాక కూడా చెయ్యి దించని సీను ఉంది చూడండి. సంఘంలో మూడు వందల పన్నెండు మంది ఓటేశారు. రూల్సుకి విరుద్ధమే గానీ, నేనూ వేశాను."

రాలిత్సా తల వెనక్కి వాల్చి నవ్వింది. చెవి నొప్పికి ఆగి, మళ్ళీ నవ్వింది.

"అంటే, జన్మలో న్యాయంగా గెలిచింది ఒక్క అవార్డు. దాన్ని నా చేత్తోనే గుంటలో పారేశాను."

"అవునండీ," అంది కృష్ణవేణి. "బాగా విసిరారు."